తొట్టిలో ఓడ: నౌకా పరిశోధన కేంద్రం అసలు ఏం చేస్తుంది?

తుంగభద్రలో పుట్టి ఎక్కినవాళ్లకు తెలుసు, తెడ్డు ఆగిందంటే అది గిర్రున తిరుగుతుంది. వెదురు బద్దలతో అల్లిన పెద్ద బుట్ట అది. అడుగున ఒకప్పుడు తోలు కప్పేవాళ్లు, ఇప్పుడు పట్టా వేసి తారు పూస్తున్నారు. దానికి ముందూ లేదు, వెనకా లేదు. కోస్తాలో పడవ ముందు భాగాన్ని అణియం, వెనక భాగాన్ని అమరం అంటారు. మన పుట్టికి ఆ రెండు మాటలతో పనే పడదు. అందుకే దాన్ని నడిపే మనిషి పక్కన కూర్చుని తెడ్డు వెయ్యడు. ముందుకు వంగి, నీళ్లను తన వైపుకు లాక్కుంటూ పోతాడు. పక్కన వేస్తే పుట్టి అక్కడే సుడి తిరుగుతుంది.

పోయిన నెల మా కర్నూలు దగ్గరి సుంకేసులలో ఇలాగే పుట్టిలో కూర్చున్నప్పుడు మా పక్కింటాయన ఒక ప్రశ్న వేశాడు. వాళ్లబ్బాయి ఇంటర్ అయ్యాక ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఎంట్రన్స్ రాశాడు. విశాఖపట్నం క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ సీటు వచ్చింది. తండ్రికి సంతోషంగానే ఉంది, కానీ లోపల టెన్షన్. "సారూ, సముద్రం చూడాలంటేనే మనం రాత్రంతా బస్సులో పోవాల. మా పిల్లోనికి ఓడల చదువేంటికి? ఆడ ఓడల పరిశోధన కేంద్రం పెడతాండారంట. అది ఏం చేస్తాది? ఓడలు కడతాదా?"

కట్టదన్నా, అన్నాను. మరేం చేస్తుందో చెప్పడానికి ఆ సాయంత్రం చాల్లేదు. నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఆయన అడిగినదానికి సరైన జవాబు రాసి పెట్టాలనిపించింది. ఎందుకంటే పేపర్లలో ఈ కేంద్రాల పేర్లు ఒకదాని మీద ఒకటి వస్తుంటాయి, ఏది ఏం చేస్తుందో చదువుకున్నవాళ్లకు కూడా చిక్కు విడదు.

ఇల్లు కట్టుకున్న అనుభవంతో మొదలుపెడదాం. కట్టేది మేస్త్రి. ప్లాన్ గీసేది ఇంజనీరు. ప్లాన్ పాస్ చేసేది మున్సిపాలిటీ. ఓడ విషయంలో మేస్త్రి అంటే షిప్‌యార్డు. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డు, కొచ్చిలో కొచ్చిన్ షిప్‌యార్డు అలాంటివి. ప్లాన్ గీసేవి డిజైన్ సంస్థలు. మన యార్డులు వాణిజ్య ఓడల డిజైన్లను తరచుగా విదేశాల నుంచి కొంటాయి. ఓడ నిబంధనల ప్రకారమే ఉందని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చేవాటిని క్లాసిఫికేషన్ సొసైటీలు అంటారు. మనకు 1975లో ఏర్పడిన ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ ఉంది. మరి పరిశోధన కేంద్రం ఎక్కడ వస్తుంది? పిల్లర్‌లో ఎంత ఇనుము వెయ్యాలో, నల్లరేగడి నేలలో పునాది ఎంత లోతుకు పోవాలో ఇంజనీరు ఒక పుస్తకం చూసి చెబుతాడు. ఆ పుస్తకంలోని అంకెలు ఊరికే రాలేదు. ఎవరో ఎక్కడో ఇటుకలను నలగ్గొట్టి, మట్టిని తడిపి, ఆరబెట్టి, తూచి రాసిపెట్టారు. ఓడలకు ఆ పని చేసే చోటే నౌకా పరిశోధన కేంద్రం.

ఓడకు ఆ పని ఇంకా ఎక్కువ అవసరం. కారునే తీసుకోండి. పాత అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది. కార్ల కంపెనీ ఏదైనా కొత్త మోడల్ అమ్మకానికి పెట్టేముందు కొన్ని బండ్లు చేసి, తిప్పి, గోడకు గుద్ది చూస్తుంది. తప్పులు సరిచేసుకున్నాక అదే బండిని లక్షల్లో దించుతుంది. ఓడకు ఆ వెసులుబాటు లేదు. ఒక డిజైన్‌తో ఒక్క ఓడ, మహా అయితే కొన్ని ఓడలు కడతారు. వందల కోట్ల మొదటి ఓడే అమ్మకపు సరుకు. అది ఇంత వేగం పోతుంది, ఇంత నూనె తాగుతుంది అని కాగితం మీద సంతకం పెట్టాకే కట్టడం మొదలవుతుంది. కట్టాక సముద్రంలో పరుగు పెట్టించినప్పుడు వేగం తగ్గితే యార్డు జరిమానా కట్టాలి. మరీ తగ్గితే కొనేవాడు వద్దనవచ్చు. అంటే, ఇంకా పుట్టని ఓడ ఎలా నడుస్తుందో ముందే తెలియాలి.

ఎలా తెలుస్తుంది? మళ్లీ పుట్టి దగ్గరికే రావాలి.

నీటి మీద కదిలే ఏ వస్తువైనా రెండు రకాల అడ్డును ఎదుర్కొంటుంది. ఒకటి రాపిడి. నీళ్లు అడుగు భాగాన్ని పట్టుకుని వెనక్కి లాగుతాయి. రెండోది అలలు. పడవ కదిలితే అలలు పుడతాయి, వాటిని పుట్టించే శక్తి పడవ నుంచే పోతుంది. వేగం పెరిగేకొద్దీ పడవ పుట్టించే అల పొడవు పెరుగుతుంది. ఒక దశలో అల పొడవు పడవ పొడవుతో సమానమవుతుంది. అక్కడి నుంచి పడవ తాను చేసిన అలనే ఎక్కుతూ పోవాలి. అంటే గట్టు ఎక్కుతున్నట్టే. రెండున్నర మీటర్ల పుట్టికి లెక్క వేస్తే ఆ హద్దు గంటకు సుమారు 7 కిలోమీటర్లు వస్తుంది. అంతకు మించి పోవాలంటే ఎంత బలవంతుడు తెడ్డు పట్టుకున్నా కష్టమే. ఒడ్డున నడిచే మనిషి కాస్త గట్టిగా అడుగు వేస్తే పుట్టిని దాటిపోవడం మనం చూస్తూనే ఉంటాం. నడిపేవాడి బలం తక్కువై కాదు, పుట్టి పొట్టిది కావడం వల్ల అలా జరుగుతుంది. పొడవాటి ఓడలు వేగంగా పోగలగడానికి ఒక పెద్ద కారణం ఇదే.

ఈ అడ్డును కొలిచే దారి కనిపెట్టినవాడు విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1860ల్లో ఆయన డార్ట్ అనే నదిలో రెండు ఆకారాల బొమ్మ పడవలను లాగి చూశాడు. ఒకటి మొనదేలింది, దానికి రావెన్ అని పేరు. ఇంకొకటి గుండ్రటిది, దాని పేరు స్వాన్. ఒక్కో ఆకారాన్ని 3, 6, 12 అడుగుల సైజుల్లో చేయించాడు. మొనదేలినదే ఎప్పుడూ గెలుస్తుందని అందరం అనుకుంటాం. వేగం పెరిగాక గుండ్రటిదానికే అడ్డు తక్కువైంది. అంటే ఒకే ఆకారం అన్ని వేగాలకూ మంచిది కాదు. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి బయటపడింది. వేగాన్ని పొడవు వర్గమూలంతో సరిపెట్టి లాగితే, చిన్న బొమ్మ లేపే అలలు పెద్దదాని అలలకు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. బ్రిటిష్ నౌకాదళం డబ్బిస్తే 1872లో టార్కీ ఊళ్లో ఆయన ఇంటి పక్కనే ఒక పొడవాటి తొట్టి కట్టాడు. ఓడ నమూనాలను లాగి చూసే ఇలాంటి తొట్టిని టోయింగ్ ట్యాంకు అంటారు. ఈ రోజు ప్రపంచంలో ఉన్న ప్రతి టోయింగ్ ట్యాంకూ దాని సంతతే.

లెక్క ఒకసారి చేతులతో వేసి చూద్దాం. 150 మీటర్ల ఓడ, వేగం 15 నాట్లు, అంటే సెకనుకు 7.7 మీటర్లు. దానికి 6 మీటర్ల నమూనా చేశారు. 25 రెట్లు చిన్నది. 25కు వర్గమూలం 5 కాబట్టి నమూనాను సెకనుకు 1.54 మీటర్ల వేగంతో లాగితే చాలు, అలలు సరిగ్గా కుదురుతాయి. అలల వల్ల వచ్చే అడ్డు మాత్రం అసలు ఓడకు 25 ఘనం, అంటే 15,625 రెట్లు అవుతుంది. తొట్టిలో ఒక గ్రాము తప్పు కొలిస్తే సముద్రంలో పదిహేను కిలోలకు పైగా తప్పవుతుంది.

చిక్కంతా రాపిడి దగ్గర వస్తుంది. రాపిడి కుదరాలంటే నమూనాను తక్కువ వేగంతో కాదు, అసలు ఓడకు 25 రెట్ల వేగంతో లాగాలి. సెకనుకు 190 మీటర్లకు పైనే. విమానం వేగం అది. అలలకు ఒక వేగం కావాలి, రాపిడికి ఇంకొక వేగం కావాలి, రెండూ ఒకే తొట్టిలో కుదరవు. కాబట్టి అలలకు సరిపోయే వేగంతో లాగి మొత్తం అడ్డు కొలుస్తారు. నమూనా రాపిడిని లెక్కతో తీసేస్తారు. మిగిలినదాన్ని ఓడ సైజుకు పెంచి, ఓడ రాపిడిని మళ్లీ లెక్కతో కలుపుతారు. ఈ రాపిడి లెక్కకు ప్రపంచంలోని ట్యాంకులన్నీ 1957లో ఒక సూత్రం ఒప్పుకున్నాయి. ఇప్పటికీ చాలావరకు అదే నడుస్తోంది. ఈ తీసివేత, కూడికలో ఎంతో కొంత తేడా మిగిలే ఉంటుంది. ఆ తేడాను గుర్తుపెట్టుకోండి, ఈ వ్యాసంలో ముఖ్యమైన మాట దాని దగ్గరే ఉంది.

తొట్టి పక్కన నిలబడి చూస్తే పని చాలా నిదానంగా కనిపిస్తుంది. మైనంతోనో చెక్కతోనో ఫైబర్‌తోనో చేసిన నమూనా, ముక్కు దగ్గర వరసగా చిన్న చిన్న బొడిపెలు. అంత నున్నగా చేసి మళ్లీ బొడిపెలు ఎందుకంటే, పెద్ద ఓడ చుట్టూ నీళ్లు కలబోసుకుంటూ ప్రవహిస్తాయి. చిన్న నమూనా చుట్టూ నున్నగా జారిపోతాయి. ఆ తేడా పోగొట్టడానికి ముక్కు దగ్గరే నీళ్లను కావాలని చెదరగొడతారు. తొట్టి రెండు గట్ల మీద పట్టాలు, వాటి మీద ఒక బండి, దానికింద నమూనా. బండి ఒకసారి పరుగెత్తుతుంది, అడ్డు ఎంతో నమోదవుతుంది. తర్వాత అందరూ ఆగిపోతారు. నీళ్లు నిలకడపడాలి. పది నిమిషాలో పావుగంటో కదలకుండా చూస్తూ కూర్చుంటారు. అద్దంలా అయ్యాకే రెండో పరుగు. పట్టాలు నీటి మట్టానికి సమానంగా ఉండాలి. ఇక్కడ నాలాంటి ఫిజిక్స్ మాస్టారికి నచ్చే ముచ్చట ఒకటి ఉంది. నీటి మట్టం భూమి వంపును అనుసరిస్తుంది. 500 మీటర్ల తొట్టికి లెక్క వేస్తే మధ్యలో సుమారు 5 మిల్లీమీటర్ల వంపు వస్తుంది. తిన్నని గీత గీసినట్టు పట్టా వేస్తే అది తప్పవుతుంది.

అంత పొడవు తొట్టి మన దగ్గరే ఉంది. విశాఖలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు చెందిన నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ 1969లో మొదలైంది. 500 మీటర్ల హైస్పీడ్ టోయింగ్ ట్యాంకు దానిదే. నీళ్లలో దూసుకుపోయి ఓడలను, సబ్‌మెరైన్లను కొట్టే వరుణాస్త్ర టార్పెడో పుట్టింది కూడా అక్కడే. ప్రొపెల్లర్లను పరీక్షించే కేవిటేషన్ టన్నెల్ కూడా ఉంది.

కేవిటేషన్ అనే మాట కొత్తగా ఉన్నా, సంగతి మన రైతులకు కొత్త కాదు. బోరు గ్యాప్ ఇచ్చేటప్పుడు మోటారు ఎలా అరుస్తుందో వాళ్లకు దూరం నుంచే తెలుస్తుంది. అక్కడ పంపులోకి గాలి దూరుతుంది. ఓడ ప్రొపెల్లర్ దగ్గర గాలి లేకుండానే దాదాపు అదే జరుగుతుంది. కుక్కర్‌లో ఒత్తిడి పెరిగితే నీళ్లు 100 డిగ్రీలు దాటాక గానీ మరగవు. ఒత్తిడి బాగా తగ్గితే దానికి తలకిందులుగా చల్లటి నీళ్లే మరుగుతాయి. వేగంగా తిరిగే రెక్క వీపు మీద ఒత్తిడి అంతగా పడిపోతుంది, ఆవిరి బుడగలు పుడతాయి. కాస్త అవతలికి పోగానే అవి పేలినట్టు మూసుకుపోతాయి. ఆ దెబ్బకు లోహం మీద పురుగు తొలిచినట్టు గుంటలు పడతాయి, ఓడ వణుకుతుంది, శబ్దం చేస్తుంది. సబ్‌మెరైన్‌కు ఆ శబ్దం ప్రాణాంతకం. టన్నెల్‌లో ఒత్తిడి తగ్గించి, నీళ్లు తిప్పి, మెరుపు లైటు వేసి చూస్తారు. లైటు తాళం కుదిరితే తిరిగే ప్రొపెల్లర్ కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది. రెక్క మీద ఎక్కడ బుడగ పుడుతోందో కంటితో చూడవచ్చు.

అలల్లో ఓడ ఎలా ఊగుతుందో, ఎంత చుట్టు తిరిగితే మలుపు తీసుకుంటుందో చూడటానికి అదే ల్యాబ్‌లో 2016లో మరో పెద్ద కొలను ప్రారంభించారు. 135 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు. నమూనాను వదిలేసి, యంత్రాలతో అలలు లేపుతారు.

ఒరిగినప్పుడు తిరిగి లేవడం అనే గుణం అన్నిటికంటే పెద్దది. పుట్టిలో మేకలను ఎక్కించేటప్పుడు నడిపే మనిషి ఎవరినీ నిలబడనివ్వడు. బరువు పైకి పోయేకొద్దీ పుట్టి తిరిగి సర్దుకునే శక్తి తగ్గుతుంది. ఓడ కట్టడం పూర్తయ్యాక దీన్ని కొలిచే పద్ధతి చాలా సాదాసీదాగా ఉంటుంది. నిలకడ నీళ్లలో ఓడను ఉంచి, డెక్కు మీద తెలిసిన బరువులను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుపుతారు. లోపల మేస్త్రి వాడే గుండుదారం లాంటిదే ఒకటి వేలాడుతుంటుంది. ఊగిసలాడకుండా దాని గుండును నూనె తొట్టిలో ముంచుతారు. దారం ఎంత పక్కకు జరిగిందో చూసి ఓడ గురుత్వ కేంద్రం ఎక్కడుందో తేలుస్తారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన రోజు మనకెవరికీ మరుపుకు రాదు. పెద్ద ఓడలకు ఉన్నంత శ్రద్ధ నదుల్లో తిరిగే బోట్లకూ అందాలి. శ్రీశైలం జలాశయంలో, గండికోటలో జనం బోట్లు ఎక్కుతున్నారు. ఏ జాతీయ కేంద్రమైనా పెద్ద ఓడలతో పాటు వీటిని కూడా తన పనిగా చూడాలని గట్టిగా నమ్ముతాను.

ఇక పేర్ల చిక్కు. విశాఖ ల్యాబ్ రక్షణ శాఖది, దాని మొదటి బాధ్యత నేవీ. అక్కడ పుట్టిన సమాచారం వాణిజ్య యార్డుల చేతికి అంత తేలిగ్గా రాదు, రాకూడదు కూడా. ఐఐటీ మద్రాసులో 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన నేషనల్ టెక్నాలజీ సెంటర్ ఫర్ పోర్ట్స్, వాటర్‌వేస్ అండ్ కోస్ట్స్ చూసేది రేవులను, జలమార్గాలను, తీరాలను. అది పోర్టులో ఇసుక మేట ఎందుకు వేస్తుందో చెబుతుంది, ఓడ డిజైన్ దాని ప్రధాన పని కాదు. విశాఖలో, ముంబైలో ఉన్న సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఇన్ మారిటైమ్ అండ్ షిప్‌బిల్డింగ్ నైపుణ్య శిక్షణ కోసం పెట్టింది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో 1952 నుంచే నేవల్ ఆర్కిటెక్చర్ చదువు ఉంది, అక్కడ ఒక ట్యాంకు కూడా ఉంది, కానీ అది ముందు విద్యార్థుల కోసం.

అచ్చంగా వాణిజ్య ఓడల కోసం ఒక జాతీయ కేంద్రం ఉండేది. 1990ల్లో విశాఖలో నేషనల్ షిప్ డిజైన్ అండ్ రీసెర్చ్ సెంటర్ పనిచేసింది. 2008 నవంబరులో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఏర్పడినప్పుడు దాన్ని అందులో కలిపేశారు. అదే ఆ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్ అయింది. మా పక్కింటి అబ్బాయి చేరబోయేది అక్కడే. ఇప్పుడు, 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం నౌకా నిర్మాణానికి 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీ ఒప్పుకుంది. అందులో భాగంగా అదే యూనివర్సిటీ కింద ఇండియా షిప్ టెక్నాలజీ సెంటర్ పెడతామన్నారు, దానికి అనుకున్న చోటు కూడా విశాఖే. పదిహేడేళ్ల కింద యూనివర్సిటీలో కలిపేసిన పనిని, ఇప్పుడు అదే యూనివర్సిటీ కింద మళ్లీ విడిగా నిలబెడుతున్నారన్నమాట. నిలబెట్టడం మంచిదే. ఎందుకు ఆలస్యమైందో మాత్రం ఆలోచించాలి.

ముందు గుర్తుపెట్టుకోమన్న తేడా ఇక్కడ పనికొస్తుంది. తొట్టి చెప్పిన వేగానికీ, సముద్రంలో ఓడ పోయిన వేగానికీ ప్రతిసారీ కొంత తేడా ఉంటుంది. ఈ ఓడకు ఇంత, ఆ ఓడకు అంత అని ఆ తేడాలను ఏళ్ల తరబడి రాసుకుంటూ పోతే, కొత్త ఓడ వచ్చినప్పుడు ఎంత సవరించాలో తెలుస్తుంది. ఆ చిట్టాయే పరిశోధన కేంద్రం అసలు ఆస్తి. తొట్టి కట్టడానికి సిమెంటు, డబ్బు చాలు. చిట్టాను కొనలేం, అది ఓడల వెంట పడి, సముద్రంలో పరుగు పెట్టించిన ప్రతిసారీ రాసుకుంటేనే పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లోని మారిన్ అనే సంస్థ తొట్టి 1932 నుంచి నడుస్తోంది. ప్రపంచం నలుమూలల నుంచి యార్డులు అక్కడికి నమూనాలు పంపుతాయంటే దానికి ఆ చిట్టా ఒక పెద్ద కారణం. ఒక పరిశోధన సంస్థను పాఠాలు చెప్పే సంస్థలో కలిపితే ఏమవుతుందో మాస్టారిగా నాకు బాగా తెలుసు. సిలబస్, పరీక్షలు, పేపర్లు దిద్దడం ముందుకొస్తాయి, చిట్టా రాయడం రేపటికి వాయిదా పడుతుంది. కొత్త కేంద్రం యూనివర్సిటీ కిందే ఉన్నా, దానికి పాఠాల భారం లేని మనుషులు ఉండాలి. మన యార్డుల్లో కట్టే ప్రతి ఓడ పరుగు లెక్కలూ అక్కడికి చేరాలని నిబంధన పెట్టాలి. నా అభిప్రాయంలో ఈ రెండూ లేకపోతే భవనం ఎంత పెద్దదైనా లాభం తక్కువ.

కొరియా ఈ విషయంలో తొందరగా మేలుకుంది. హ్యుందాయ్ ఉల్సాన్‌లో 1970ల మొదట్లో యార్డు పెట్టినప్పుడు మొదటి పెద్ద ట్యాంకర్లకు డిజైన్లు స్కాట్లాండ్ నుంచి తెచ్చుకుంది. ఆ రోజుల్లోనే, 1973లో, ప్రభుత్వం ఓడల పరిశోధన సంస్థను మొదలుపెట్టింది. ఇప్పుడు దాన్ని క్రిసో అంటారు. కొన్నది ఒక చేత్తో, నేర్చుకున్నది ఇంకో చేత్తో. ఈ రోజు ప్రపంచంలో కట్టే ఓడల్లో తొంభై శాతానికి పైగా చైనా, కొరియా, జపాన్‌లవే. మన వాటా ఒక శాతం కూడా లేదు. 1948 మార్చి 14న విశాఖలో నెహ్రూ జల ఉష ఓడను నీళ్లలోకి దించినప్పుడు కొరియాలో ఈ పరిశ్రమ దాదాపు లేనట్టే. మన వెనకబాటుకు వడ్డీ భారం, విడిభాగాల కోసం బయటి దేశాల మీద ఆధారపడటం, ఆర్డర్లు లేకపోవడం కూడా కారణాలే. ప్యాకేజీలో ఎక్కువ డబ్బు వాటికోసమే. అయితే డిజైన్ బయట కొన్నప్పుడు దానితోపాటు ఇంజన్, ప్రొపెల్లర్, వాల్వుల దాకా ఎవరివి వాడాలో కూడా చాలాసార్లు అక్కడే నిర్ణయమైపోతుంది. మన చిన్న ఫ్యాక్టరీలకు తలుపు మూసుకునేది అక్కడే.

ఇంకో ఒత్తిడి కూడా ఉంది. 2013 నుంచి కొత్త ఓడలు ఎంత నూనెతో ఎంత పని చేస్తాయో అంతర్జాతీయంగా ఒక సూచీ పెట్టారు. దాన్ని నిరూపించడానికి తొట్టి పరీక్ష రిపోర్టు కావాలి. ఓడకు కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం పది శాతం తగ్గిస్తే శక్తి దాదాపు 27 శాతం తగ్గుతుంది. ఆకారం సరిచేసి నాలుగైదు శాతం మిగిల్చినా పాతికేళ్ల జీవితంలో అది చాలా నూనె. కంప్యూటర్లు ఇప్పుడు ఈ లెక్కల్లో చాలా భాగం చేస్తున్నాయి, ముప్పై ఆకారాల్లో మంచివి మూడు ఏరిపెడుతున్నాయి. ఆ మూడింటినీ తొట్టిలో వేసి చూడటం మాత్రం మానలేదు.

సముద్రానికి దూరంగా ఉన్న మనకు ఈ ఓడల చదువేంటికి అన్న ప్రశ్నకు జవాబు ఇంకా మిగిలే ఉంది. క్రిసో ఉన్నది డేజాన్‌లో. కొరియా నడిమధ్యన, సముద్రం కనిపించని ఊరు. మారిన్ ఉన్న వాఖనింగన్ తీరానికి దూరంగా రైన్ నది పక్కన ఉంటుంది. చైనా పెద్ద నౌకా పరిశోధన సంస్థ వుషీలో, ఒక సరస్సు ఒడ్డున ఉంది. ఖరగ్‌పూర్ కూడా సముద్రపు ఊరు కాదు. తొట్టికి కావలసింది కప్పు కింద నిలకడ నీళ్లు, ఓపిక ఉన్న మనుషులు. ఉప్పు గాలి అక్కర్లేదు. కేంద్రాన్ని కర్నూలుకు తెమ్మని అడగడం లేదు. యార్డులున్న విశాఖలో ఉండటమే సబబు. ఈ విద్య ఒడ్డున పుట్టినవాళ్లదే అనుకోవడం తప్పని మాత్రం చెబుతున్నాను.

అసలు మన కేసీ కెనాలే, అంటే కర్నూలు-కడప కాలువే, పడవల కోసం కూడా తవ్వింది. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా సాగునీటికీ పడవల రాకపోకలకూ కలిపి ఆ కాలువ వేసింది. లెక్కలు తప్పి కంపెనీ నష్టపోతే 1882లో ప్రభుత్వం తీసుకుంది. ఇప్పుడు దాని గట్టు మీద నడిచేవాళ్లలో ఎంతమందికి అది జలమార్గమని తెలుసు? మనకూ సముద్రానికీ ఇంకా ముడులున్నాయి. పాత కడప జిల్లా మంగంపేటలో దొరికే ముగ్గురాయి (బెరైటీస్) నీటికి నాలుగు రెట్లు బరువు. సముద్రంలో చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడి తన్నుకురాకుండా బురదలో దాన్ని పొడి చేసి కలుపుతారు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటి గెలలతో చల్లటి కంటైనర్ల రైలు ముంబై రేవుకు పోయింది, అక్కడి నుంచి గల్ఫ్‌కు ఓడ. ఓబులవారిపల్లె నుంచి వెలిగొండలను తొలిచి 6.6 కిలోమీటర్ల సొరంగం వేశాక కృష్ణపట్నం రేవు మనకు ఒక కొండ అవతలే. మన దేశపు సరుకు మోసినందుకు విదేశీ ఓడలకు ఏటా సుమారు ఆరు లక్షల కోట్లు కడుతున్నామని ప్రధాని 2025 సెప్టెంబరులో భావ్‌నగర్‌లో చెప్పారు. తాడిపత్రి అరటికి పడే కిరాయి కూడా ఆ లెక్కలోనిదే.

ఇవన్నీ విన్నాక మా పక్కింటాయన అడిగింది ఒకటే. "మావాడు నాలుగో ఏడు చేరేటాలకు ఆ తొట్టి కట్టేసి ఉంటారా సారూ?" కట్టవచ్చన్నా, అన్నాను. అందులో లాగిన మొదటి వంద నమూనాలను సముద్రంలో తిరిగిన ఓడలతో సరిపోల్చి చిట్టా రాసేసరికి మాత్రం ఆ పిల్లాడికి ముప్పై అయిదేళ్లు వస్తాయి.